బయల్దేరడానికి ఎనిమిది రోజుల ముందు మారిన రూలు: సెయింట్ లూయిస్ ఓడ కేసు

మా ఆఫీసులో చేరిన ప్రతి జూనియర్‌కీ మొదటి వారంలోనే ఒక ఫైలు ఇస్తాను. అది మన కోర్టుల్లో నడిచిన కేసు కాదు. అసలు ఏ కోర్టు మెట్లూ ఎక్కలేదు. 1939 మే 13న 937 మందిని ఎక్కించుకుని హాంబర్గ్ రేవు నుంచి క్యూబాకి బయల్దేరిన సెయింట్ లూయిస్ అనే ఓడ ఫైలు అది. ఎక్కినవాళ్లు దాదాపు అందరూ హిట్లర్ పాలన నుంచి పారిపోతున్న యూదులు. రెండో ప్రపంచ యుద్ధం మొదలవడానికి అప్పటికి నాలుగు నెలలు కూడా లేదు.

నేను హైదరాబాదులో శరణార్థుల కాగితాల పని చూసే వకీలుని. బాలాపూర్ బస్తీల్లో ఉండే రోహింగ్యాలు, చదువుకోడానికి వచ్చి 2021లో కాబూల్ తాలిబాన్ల చేతికి పోయాక వెనక్కి వెళ్లలేకపోయిన అఫ్గాన్ విద్యార్థులు వస్తుంటారు. చాలామంది కూర్చోగానే మాట్లాడరు. ముందు ఒక ప్లాస్టిక్ కవరు తీస్తారు. దానిలో ఇంకో కవరు. దాని లోపల, మడత పడినచోటల్లా అక్షరాలు చెరిగిపోయిన కాగితాలు. ఒకాయన తన కార్డుకి మూడుసార్లు లామినేషన్ చేయించాడు, ఒక పొర పసుపెక్కితే దాని మీద ఇంకో పొర. లోపల ఫొటో ఎవరిదో పోల్చుకోవడం కూడా కష్టం. ఆయన మాత్రం దాన్ని రెండు చేతులతో పట్టుకుని అందించాడు. కాగితం మీద మనుషులు పెట్టుకునే నమ్మకం ఎంతటిదో, అది ఎక్కడ తెగుతుందో మా పిల్లలకి తెలియాలి. ఈ ఫైలు ఇవ్వడం అందుకే.

పొమ్మన్నారు, పొగా పెట్టారు

పొమ్మనలేక పొగబెట్టడం అంటాం మనం. జర్మనీలో యూదులను పొమ్మనీ అన్నారు, పొగా పెట్టారు, పోయేవాడి జేబూ ఖాళీ చేశారు. 1935 నాటి న్యూరెంబర్గ్ చట్టాలతో పౌరసత్వపు హక్కులు పోయాయి. 1938 మార్చిలో ఆస్ట్రియాని కలిపేసుకున్నారు. అదే ఏడాది నవంబరు 9, 10 తేదీల్లో యూదుల గుళ్లు తగలబెట్టి, దుకాణాల అద్దాలు పగలగొట్టి, 30,000 మంది దాకా మగవాళ్లను క్యాంపుల్లో పెట్టారు. దేశం వదిలి పోతామని చూపించుకున్నవాళ్లను చాలామందిని వదిలారు. కానీ పోవాలంటే ఆస్తిలో నాలుగో వంతు పన్ను కట్టాలి, చేతిలో 10 మార్కులకు మించి తీసుకెళ్లకూడదు. పాస్‌పోర్టు మీద ఎర్రగా 'జె' అని ముద్ర. 1938 అక్టోబరులో వచ్చిన ఆ ముద్ర వెనక స్విట్జర్లాండ్ ప్రమేయం కూడా ఉంది. వచ్చేవాడు యూదుడో కాదో సరిహద్దులోనే తెలియాలని వాళ్లు అడిగారు.

అంటే, లోపలి నుంచి తలుపు తీసే ఉంది. గడియ పడింది బయటి వైపు నుంచి. దీన్ని జూనియర్లు మొదట ఒక పట్టాన నమ్మరు.

ఓడ బయల్దేరడానికి పది నెలల ముందు, 1938 జులై 6 నుంచి 15 దాకా, ఫ్రాన్స్‌లో జెనీవా సరస్సు ఒడ్డునున్న ఎవియాన్‌లో 32 దేశాలు ఈ విషయం మీదే కూర్చున్నాయి. పిలిచింది అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్. ఇప్పుడున్న చట్టాలు ఒప్పుకునేదానికన్నా ఎక్కువమందిని తీసుకోమని ఏ దేశాన్నీ అడగబోమని ఆ ఆహ్వానంలోనే రాసి ఉంది. నా దృష్టిలో ఆ మీటింగు అక్కడే, మొదలవకముందే అయిపోయింది. తొమ్మిది రోజులూ ఒకరి తర్వాత ఒకరు లేచి జాలిపడ్డారు, ఆ వెంటనే తమ ఇబ్బంది చెప్పారు. ఒకరికి నిరుద్యోగం, ఇంకొకరికి రైతులు తప్ప వేరేవాళ్లు అక్కర్లేదు. మాకు జాతి సమస్య లేదు, దాన్ని దిగుమతి చేసుకునే ఉద్దేశమూ లేదు అన్నాడు ఆస్ట్రేలియా ప్రతినిధి. లక్ష మందిని తీసుకుంటామని ముందుకొచ్చింది డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే. చివరికి అక్కడ స్థిరపడింది కొన్ని వందల మంది.

అన్ని తలుపులూ మూసుకున్నాయనడం కూడా న్యాయం కాదు. నవంబరు దాడుల తర్వాత బ్రిటన్ దాదాపు 10,000 మంది పిల్లలను, తల్లిదండ్రులు లేకుండా, తీసుకుంది. అమెరికాలో, ఏడాదికి ఒక్కో దేశం నుంచి ఇంతమందే అన్న కోటాతో సంబంధం లేకుండా 20,000 మంది పిల్లలను రానివ్వాలని పెట్టిన బిల్లు మాత్రం 1939లో కమిటీ దాటలేదు. వీసా అడగని షాంఘైకి 17,000 మందికి పైగా చేరారు. మన దేశానికీ కొందరు వచ్చారు. ఆకాశవాణిలో పొద్దున్నే ప్రసారాలు మొదలయ్యే ముందు వినిపించే ఆ తంబురా, వయొలిన్ ట్యూన్ మన ఇళ్లలో ఒక తరం మొత్తాన్ని నిద్రలేపింది. దాన్ని కట్టాడని చెప్పే వాల్టర్ కౌఫ్‌మన్ 1934లో ప్రాగ్ నుంచి బొంబాయి చేరిన యూదుడే. ఆ ట్యూన్ చెవిన పడ్డప్పుడల్లా దిగనిచ్చిన ఒక రేవు గుర్తొస్తుంది నాకు.

ఫైల్లో మొదటి కాగితం

సెయింట్ లూయిస్ ప్రయాణికుల దగ్గరున్నది క్యూబా ల్యాండింగ్ సర్టిఫికెట్, అంటే ఆ రేవులో దిగడానికి అనుమతి కాగితం. సంతకం ఆ దేశపు ఇమిగ్రేషన్ డైరెక్టర్ జనరల్ మాన్యువెల్ బెనితెజ్‌ది. ధర 150 డాలర్లు, కొందరికి అంతకన్నా ఎక్కువ. ఎక్కువమందికి క్యూబాలో ఉండిపోవాలని లేదు. అమెరికా వీసాకి దరఖాస్తు పెట్టి, వెయిటింగ్ లిస్టులో తమ నంబరు వచ్చేదాకా ఎక్కడైనా బతికి ఉండాలని చూస్తున్నవాళ్లు. హవానా వాళ్లకి ఒక వెయిటింగ్ రూమ్.

ఈ సర్టిఫికెట్ దొంగది కాదు. అలాగని గట్టిదీ కాదు. జనవరిలో వచ్చిన ఒక డిక్రీ (కోర్టుది కాదు, ప్రభుత్వ ఉత్తర్వు) టూరిస్టునీ శరణార్థినీ వేరు చేసింది. శరణార్థి అయితే 500 డాలర్ల బాండు కట్టాలి, టూరిస్టుకి అక్కర్లేదు. కానీ ఎవరు టూరిస్టు, ఎవరు శరణార్థి అనేది సరిగ్గా తేల్చలేదు. బెనితెజ్ ఆ సందులో దూరి, ఇల్లూ వాకిలీ పోయినవాళ్లకి టూరిస్టుల కాగితాలు అమ్మాడు. లక్షల డాలర్లు వెనకేశాడు. అందులో వాటా రానివాళ్లకి కడుపు మండింది. పైగా ఉద్యోగాల్లేని రోజులు. మే 8న హవానాలో యూదులకు వ్యతిరేకంగా జరిగిన సభకు 40,000 మంది వచ్చారు.

అప్పటికే అధ్యక్షుడు ఫెదెరికో లారెదో బ్రూ మే 5న డిక్రీ 937 తెచ్చేశాడు. ఇక బెనితెజ్ సంతకం చెల్లదు. ఇద్దరు మంత్రుల రాతపూర్వక అనుమతి కావాలి, తలకి 500 డాలర్ల బాండు కావాలి. ఓడ కదిలింది మే 13న. మధ్యలో ఎనిమిది రోజులు. ప్రయాణికుల సంఖ్య, వాళ్ల కాగితాలను చంపేసిన డిక్రీ నంబరు, రెండూ 937 కావడం ఉత్త యాదృచ్ఛికమే. అయినా ఆ రెండు అంకెలూ ఒకే పేజీలో పడినప్పుడు మా వాళ్లు ఒక్క క్షణం ఆగుతారు.

దిగడానికి ఇబ్బంది రావచ్చని ఓడ కంపెనీకి ముందే తెలుసు. ప్రయాణికులకు తెలియదు. టికెట్టుతో పాటు, ఒకవేళ తిరిగి రావాల్సి వస్తే అని, తలకి 230 మార్కులు అదనంగా కట్టించుకున్నారు. నేను ఏ క్లయింటు కాగితం చూసినా మొదట అడిగేది ఒక్కటే. ఇది ఏ రూలు కింద ఇచ్చారు, ఆ రూలు ఈ రోజు బతికే ఉందా? సంతకం, స్టాంపు తర్వాత చూస్తాం.

హవానా రేవులో ఆరు రోజులు

కెప్టెన్ గుస్తావ్ ష్రోడర్ జర్మనీ మనిషి, నాజీ కాదు. ఈ ప్రయాణికులనూ మామూలు ప్రయాణికుల్లాగే మర్యాదగా చూడాలని సిబ్బందికి గట్టిగా చెప్పాడు. ప్రార్థనలు చేసుకోడానికి హాలు ఇచ్చి, ఆ కాసేపు గోడ మీది హిట్లర్ పటం తీయించాడు. రెండు వారాల పాటు ఓడ మీద ఈత కొలనూ డ్యాన్సులూ పిల్లల ఆటలూ నడిచాయి. ఏళ్ల తర్వాత జనం ఊపిరి పీల్చుకున్నారు. ఒక ప్రయాణికుడు దారిలో జబ్బుతో చనిపోయాడు.

మే 27న హవానా చేరారు. దిగనిచ్చింది 28 మందిని. వాళ్లలో 22 మంది అమెరికా వీసాలున్న యూదులు, నలుగురు స్పెయిన్ వాళ్లు, ఇద్దరు క్యూబావాళ్లు. మిగతావాళ్లు రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు. ముందే హవానా చేరిన చుట్టాలు పడవలు అద్దెకు తీసుకుని ఓడ చుట్టూ తిరుగుతూ కింది నుంచి పేర్లు పెట్టి పిలిచారు. పై నుంచి పిల్లలను ఎత్తి చూపించారు. గొంతు వినబడేంత దూరం, అంతే. మే 30న ఒకాయన మణికట్టు కోసుకుని నీళ్లలో దూకాడు. ఆయన్ని బయటికి తీసి ఆస్పత్రికి చేర్చారు. అలా దిగిన ఇరవై తొమ్మిదో మనిషి ఆయన. ఇంకెవరూ అలా చేయకుండా కెప్టెన్ రాత్రిళ్లు డెక్కు మీద కాపలా పెట్టాడు.

ఇక వకీలు సంగతి. అమెరికా యూదుల సహాయ సంస్థ 'జాయింట్' తరఫున లారెన్స్ బెరెన్సన్ హవానా వచ్చాడు. క్యూబాతో పరిచయాలున్న లాయరు. బ్రూ ముందు ఓడని రేవు దాటి పొమ్మన్నాడు, ఆ తర్వాతే మాట్లాడతానన్నాడు. జూన్ 2న ఓడ కదిలింది. బ్రూ అడిగిన లెక్క 4,53,500 డాలర్లు. 907 మందికి తలకి 500 చొప్పున. బెరెన్సన్ తగ్గించమని బేరం పెట్టాడు. బ్రూ బేరాలు చాలించేశాడు.

ఇక్కడ మా ఆఫీసులో ప్రతిసారీ వాదన లేస్తుంది. అడిగింది కట్టేస్తే పోయేదిగా, మనుషుల ప్రాణాల దగ్గర బేరమేమిటి అంటారు. నేను బెరెన్సన్‌ని తప్పుపట్టలేను. అదే రోజుల్లో ఇంకో రెండు ఓడలు శరణార్థులతో హవానాకి వచ్చి ఉన్నాయి. ఒక ఓడకి అడిగినంతా కడితే రేపు ప్రతి రేవులోనూ అదే రేటు కడతారు. వేల మంది కోసం దాచిన డబ్బు అది. ఎదుటివాడు ఇంకో రోజు ఆగుతాడని లెక్కవేశాడు, ఆ లెక్క తప్పింది. నేనూ ఒకసారి అలాంటి లెక్క తప్పాను. వచ్చే వాయిదాకి వేద్దాంలే అనుకున్న ఒక అర్జీ, ఆ వాయిదా రాకముందే పనికిరాకుండా పోయింది. ఆ కుటుంబం నన్ను ఒక్క మాట అనలేదు. ఈ పేజీ చదివేటప్పుడు ఎప్పుడూ వాళ్లే గుర్తొస్తారు.

మయామీ లైట్లు

క్యూబా నుంచి ఓడ ఫ్లోరిడా పక్కగా వెళ్లింది. డెక్కు మీద నుంచి మయామీ లైట్లు కనిపించాయి. ప్రయాణికులు రూజ్‌వెల్ట్‌కి తంతి కొట్టారు. జవాబు రాలేదు. వెయిటింగ్ లిస్టులో మీ వంతు వచ్చేదాకా ఆగి, అర్హత సంపాదించి, వీసా తెచ్చుకుంటేనే రానిస్తాం అని విదేశాంగ శాఖ ఒక ప్రయాణికుడికి తంతి పంపింది.

అందులో ఉన్న న్యాయాన్ని కూడా చూడాలి. జర్మనీ, ఆస్ట్రియాలకు కలిపి అమెరికా కోటా ఏడాదికి 27,370. ఆ ఏడు అది నిండింది, వెనక ఏళ్ల తరబడి క్యూ ఉంది. ఆ క్యూలో బెర్లిన్‌లో, వియన్నాలో నిలబడ్డవాళ్లదీ ఇదే ఆపద. ఓడలో ఉన్నవాళ్లకి ఆ నంబర్లు ఇచ్చేస్తే క్యూలో ఉన్నవాళ్లు వెనక్కి పోతారు. ఈ మాట కాదనలేం. కానీ ఓడలో వాళ్లు అడిగింది వరస దాటడం కాదు, వరసలో నిలబడటానికి రెండు గజాల నేల. వచ్చిన జవాబు అడగని ప్రశ్నకి. ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చే వీలు రూజ్‌వెల్ట్‌కి ఉంది. కానీ వలస రూళ్లు సడలించొద్దని ఒక పత్రిక సర్వేలో 83 శాతం అమెరికన్లు చెప్పిన రోజులవి. ఆయన కదల్లేదు.

కెనడా సంగతి ఇంకా తొందరగా తేలింది. కొందరు ప్రొఫెసర్లు, చర్చి పెద్దలు ప్రధానికి తంతి పంపారు. ఇమిగ్రేషన్ అధికారి ఫ్రెడరిక్ బ్లెయిర్ ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదన్నాడు. జూన్ 6న ఓడ యూరప్ వైపు తిరిగింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అనే మాటని ఇంతకన్నా నిజం చేసిన ప్రయాణం నాకు తెలియదు. అవసరమైతే ఇంగ్లండు ఒడ్డున ఓడని ఇసుకలోకి ఎక్కించి అయినా సరే జర్మనీకి మాత్రం తీసుకెళ్లకూడదని ష్రోడర్ ఆలోచించాడు.

నాలుగు లిస్టులు

ఓడ ఇంకా నడి సముద్రంలో ఉండగానే యూరప్‌లో జాయింట్ పని చూసే మోరిస్ ట్రోపర్ నాలుగు ప్రభుత్వాల వెంటపడ్డాడు. కొద్ది రోజుల్లో నలుగురూ ఒప్పుకున్నారు. దానికి జాయింట్ ఇచ్చిన పూచీకత్తు 5,00,000 డాలర్లు. తలకి సుమారు 550. హవానాలో బ్రూ అడిగిన రేటుకన్నా కాస్త ఎక్కువే.

జూన్ 17న ఓడ ఆంట్వెర్ప్ చేరింది. ఒడ్డుకి రాకముందే ట్రోపర్, నాలుగు దేశాల ప్రతినిధులూ ఓడెక్కారు. టేబుళ్లు వేసి లిస్టులు రాయడం మొదలుపెట్టారు. ప్రతి దేశానికీ అమెరికా నంబరు త్వరగా వచ్చేవాళ్లే కావాలి, తొందరగా వెళ్లిపోతారు కాబట్టి. బ్రిటన్‌కి 288, ఫ్రాన్స్‌కి 224, బెల్జియంకి 214, నెదర్లాండ్స్‌కి 181. మొత్తం 907.

ఈ నాలుగు అంకెలూ బోర్డు మీద రాసి ఆ రోజుకి క్లాసు ఆపేస్తాను. ఇంటికెళ్లి ఆలోచించమంటాను. మీరే ఆ టేబుల్ ముందు నిలబడి ఉంటే ఏ లిస్టు అడిగేవాళ్లు? 1939 జూన్‌లో తెలిసిన సంగతులతోనే చెప్పాలి. చాలామంది ఫ్రాన్స్ అంటారు. పెద్ద దేశం, పెద్ద సైన్యం, పక్కనే స్విట్జర్లాండ్. కొందరు నెదర్లాండ్స్ అంటారు, మొదటి ప్రపంచ యుద్ధంలో ఎటూ చేరలేదు కాబట్టి. వాళ్ల తర్కంలో తప్పేమీ లేదు.

11 నెలలు తిరక్కుండానే, 1940 మేలో, జర్మనీ సైన్యం ఆ మూడు దేశాల్లోకీ వచ్చింది. బ్రిటన్ లిస్టులో ఉన్న 288 మందిలో ఒకరు 1940లో విమానాల బాంబుదాడిలో పోయారు, మిగతావాళ్లు బతికారు. మిగతా మూడు లిస్టుల్లోని 619 మందిలో 87 మంది దాడికి ముందే వేరే దేశాలకు వెళ్లగలిగారు. చిక్కుకుపోయినవాళ్లు 532 మంది. అందులో 278 మంది బతికి బయటపడ్డారు. ఫ్రాన్స్ లిస్టులో 86 మంది, బెల్జియం లిస్టులో 84 మంది, నెదర్లాండ్స్ లిస్టులో 84 మంది పోయారు. 254 మంది.

నెదర్లాండ్స్‌లో వెస్టర్‌బోర్క్ అని ఒక క్యాంపు ఉండేది. 1939 అక్టోబరులో డచ్ ప్రభుత్వమే శరణార్థుల కోసం తెరిచింది. అక్కడ మొదట చేరినవాళ్లలో సెయింట్ లూయిస్ మనుషులున్నారు. జర్మన్లు వచ్చాక అదే క్యాంపు నుంచి ఆష్‌విట్జ్‌కీ సోబిబోర్‌కీ, అంటే నాజీలు యూదులను చంపిన క్యాంపులకి, రైళ్లు బయల్దేరాయి. తలదాచుకోమని కట్టిన షెడ్లే, పేర్లన్నీ రాసి పెట్టిన రిజిస్టర్లతో సహా, హంతకుల చేతికి అందాయి. నేను ఈ రోజుకీ ఏ ప్రభుత్వం శరణార్థులను ఒకచోట చేర్చి లెక్క రాస్తానన్నా, ఆ లెక్క ఎవరి దగ్గర ఉంటుంది, రేపు ఎవరి చేతికి పోతుంది అని అడగకుండా ఉండలేను. వాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు, నా ప్రశ్న మారదు.

తర్వాత జరిగినవి

ష్రోడర్ 1959లో చనిపోయాడు. 1993లో ఇజ్రాయెల్ ఆయన్ని యూదులను కాపాడిన ఇతర జాతీయుల జాబితాలో చేర్చి గౌరవించింది. అమెరికా విదేశాంగ శాఖ 2012లో, కెనడా ప్రధాని పార్లమెంటులో 2018 నవంబరు 7న క్షమాపణ చెప్పారు.

మా పనికి ఎక్కువ పనికొచ్చేది 1951 నాటి శరణార్థుల ఒప్పందం. ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి మనిషిని తిప్పి పంపకూడదని దాని 33వ ఆర్టికల్ చెబుతుంది. 1939లో బ్రూకి గానీ బ్లెయిర్‌కి గానీ ఎదురుగా అలాంటి గీత ఏదీ లేదు. మన దేశం ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. అందుకే నేను కోర్టులో రాజ్యాంగం 21వ అధికరణం పట్టుకుంటాను. ప్రాణానికి రక్షణ పౌరులకే కాదు, మనిషన్న ప్రతివాడికీ ఉందని 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు కాపీ ఎప్పుడూ నా బ్యాగులో ఉంటుంది. ప్రతిసారీ పని చేస్తుందని కాదు. అది కూడా లేకపోతే ఏముంటుందో ఈ ఫైలు చూసినవాళ్లకి తెలుసు.

వారం చివర జూనియర్లకి ఒక పని ఇస్తాను. తేదీ 1939 జూన్ 1. మీరు బెరెన్సన్ జూనియర్లు. రేపు పొద్దున్న ఓడ కదులుతుంది. బ్రూకి ఒక్క పేజీలో అర్జీ రాయండి. చాలామంది సర్టిఫికెట్లు చెల్లుతాయని వాదిస్తారు. డిక్రీ వెనకటి తేదీకి వర్తించదని, డబ్బు కట్టి కొన్న హక్కుని దారి మధ్యలో లాక్కోకూడదని రాస్తారు. అన్నీ మంచి పాయింట్లే. వాటన్నిటినీ వినే తీరిక మాత్రం ఆ పొద్దున ఎవరికీ లేదు.

ఈ ఏడాది ఒకమ్మాయి నాలుగే వాక్యాలు రాసి తెచ్చింది. సర్టిఫికెట్ చెల్లుతుందా లేదా అన్న జోలికే పోలేదు. హవానా రేవుకి ఎదురుగా ట్రిస్‌కోర్నియాలో మీకే ఒక ఇమిగ్రేషన్ క్యాంపు ఉంది, ఖర్చు మాది, కాపలా మీది, మూడు నెలల గడువివ్వండి అని అడిగింది. ఈలోపు ఎవరి అమెరికా నంబరు వస్తే వాళ్లు వెళ్లిపోతారు, రానివాళ్ల సంగతి అప్పుడు మాట్లాడదాం. అంతే.

ఆ పేజీ చదివి నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. బ్రూ ఒప్పుకునేవాడో లేదో ఎవరం చెప్పలేం. నేనయితే సంతకం పెట్టి పంపేవాణ్ని. సోమవారం నుంచి బాలాపూర్ ఫైళ్లు ఆ అమ్మాయికి అప్పగించాను. వాటిలో మొదటిది ఆ మూడు పొరల లామినేషన్ కార్డుది. దాని గడువు వచ్చే నెల 9తో అయిపోతుంది.